తూముపేటలో బెల్లం పాకం వాసన

అంబలి గది పనిపుస్తకం
రాసేది: కొప్పిశెట్టి వరాలు

ఆదివారం

ఈ పుస్తకంలో ట్యాంకుల సంగతి తప్ప ఇంకేమీ రాయకూడదని పేట సంఘం వాళ్ళు అట్ట మీదే అచ్చు వేయించారు. సరే, ట్యాంకుల సంగతి: ఇరవైకి ఇరవై ట్యాంకులూ నిక్షేపంలా ఉన్నాయి. ఇక నా సంగతి. గురువారం నాకు మనవరాలు పుట్టింది!

బారసాల అయ్యేదాకా పేరు లేదు కాబట్టి అందరం బుజ్జిది అంటున్నాం. గురుగ్రహం నాలుగో చందమామ మీద మనిషి బరువు భూమి మీద తూగేదాంట్లో ఎనిమిదో వంతే. అందుకని ఇక్కడ పిల్లని ఎత్తుకోవడమంటే ఎగిరిపోకుండా పట్టుకోవడమే. మా అల్లుడు గంగరాజు సంబరం పట్టలేక నిన్న దాన్ని ఎగరేయబోతే, పైకప్పు మంచుగడ్డరా నాయనా అని నేనే కేకేసి ఆపాను.

మంచు కింద తవ్వుకున్న సొరంగాల్లో పప్పు పండదు, చేప ఈదదు, కోడి కూయదు. తూముపేటలో తిండి అంటే యంత్రాలు తీసిన పంచదారా, నూనే కలిపిన నా అంబలే. ప్రోటీనంటే ఇరవై రకాల పూసలు గుచ్చిన దండ. ఆ పూసల్నే అమైనో ఆమ్లాలంటారు. వాటిలో పదకొండు రకాల్ని ఒళ్ళు తనకు తానే తయారు చేసుకోగలదు. తొమ్మిది మాత్రం దాని తాత దిగొచ్చినా చేసుకోలేదు, నోటి దారినే లోపలికి రావాలి. నేను ఏ రకానికి ఆ రకం ట్యాంకులో బాక్టీరియా చేత వండించి, పూటపూటా గంగాళంలో కలిపి వడ్డిస్తాను. నేను నాలుగు రోజులు ముసుగుతన్ని పడుకుంటే ఈ పేటలో కండ మిగలదు. ఈ మాట సంఘం వాళ్ళకి అప్పుడప్పుడు గుర్తు చేస్తుంటాను.

తిన్న పూసల్లో కట్టుబడికి పనికొచ్చినవి పోగా మిగిలినవి దాచుకోవడానికి ఒంట్లో కొట్టు లేదు. వాటిని విరగ్గొట్టి, కాల్చుకోగలిగింది కాల్చుకుని, నత్రజనిని మూత్రంలో బయటికి పంపేస్తుంది. మాకు నత్రజని బంగారం. అందుకని అందరి మూత్రమూ తూముల్లో పడి మా వదిన వెంకాయమ్మ గదికి వెళ్తుంది. ఆవిడ నత్రజని తీసి నా ట్యాంకులకే పంపుతుంది. నేను పెట్టేదాన్ని, ఆవిడ పట్టేది. ఇద్దరిలో ఎవరు గొప్ప అన్నది ఇంతవరకూ తేలలేదు.

వెంకాయమ్మ మా అన్నయ్య భార్య. మేనరికం చేసుకున్నాం కాబట్టి ఇప్పుడు వియ్యపురాలు కూడా. మా అమ్మాయి నీలవేణిని వాళ్ళ గంగరాజుకే ఇచ్చాను. మా అన్నయ్య మంచు గని డ్యూటీలో ఉన్నాడు, బారసాలకి గాని రాడు.

మా పేటలో పుట్టిన ప్రతి పిల్లకీ ఇంటింటివాళ్ళూ వచ్చి నాలుక మీద కండచుక్క పెడతారు. బరువు తక్కువైన చోట పిల్లలకి కండ పట్టడం కష్టమని పెద్దవాళ్ళు ఎప్పుడో మొదలుపెట్టిన ఆచారం. ఆ చుక్క నేనే కాస్తాను. అందులో ఎక్కువగా ఉండేది లూసిన్. కండ కట్టమని ఒంటికి కేకేసి చెప్పేది అదే. బుజ్జిదానికి ఇప్పటికే సగం పేట చుక్క పెట్టేసింది. వదిన పెట్టిందని నేను, నేను పెట్టానని వదిన, పోటీపడి మళ్ళీ పెట్టాం.

పని దిగి వస్తుంటే తూముల గది వైపు నుంచి బెల్లం పాకం వాసన గుప్పుమంది. ముదురుపాకం. నా ముక్కు అబద్ధం చెప్పదు.

సోమవారం

ట్యాంకులు బాగున్నాయి.

పోయిన ఓడలో పేట మొత్తానికీ కలిపి ఒక్క బెల్లం అచ్చు వచ్చింది. బారసాల నాడు అందరికీ చిటికెడు చొప్పున పంచుదామని స్టోరులో పెట్టించాను. ఇవాళ పాకం వాసన నిన్నటికన్నా ఎక్కువైంది. నేను వెళ్ళేసరికి వదిన నాకే ఎదురొచ్చింది.

"ఏమే వరాలూ, పాకం పట్టేవా?" అంది నడుం మీద చేతులేసుకుని.

"నేనా? నీ గదిలోంచే వత్తంది గదా వదినా. నాకు తెలీకుండా అరిసెలు వండేత్తన్నావేమో అడుగుదావని నేనే బయల్దేరేను."

"ఆయ్, అరిసెలు! బెల్లం రంగు మర్చిపోయి ఎన్నాళ్ళయిందో. నీ అంబలి గదిలో పొయ్యిలున్నాయి గాని నా దగ్గరేం ఉన్నాయే, గొట్టాలు తప్ప?"

"మరి ఆ గొట్టాల్లోంచే వత్తంది."

"గొట్టాల్లోకి ఎవరో ఒకరు పోత్తేనే గదా వత్తాది!"

స్టోరుకి వెళ్ళి చూశాం. బెల్లం అచ్చు చెక్కుచెదరకుండా ఉంది. అయినా ఆవిడ నన్ను నమ్మలేదు, నేను ఆవిణ్ణి నమ్మలేదు.

మంగళవారం

ట్యాంకుల్లో ఏడోది కాస్త నురగ కక్కింది, సర్దుకుంది.

మధ్యాహ్నం భోజనాల తర్వాత వీధి ఆ చివర నుంచి ఒక్కో తలుపు దగ్గరా ముక్కు పెట్టి వాసన చూసుకుంటూ బయల్దేరాను. వీధి ఈ చివర నుంచి వదిన కూడా అదే పనిలో ఉంది. ఇద్దరం నీలవేణి గుమ్మం దగ్గర ఢీకొట్టుకున్నాం. ఇక్కడి బరువుకి ఢీకొట్టుకుంటే చెరో వైపు తేలిపోతాం. మళ్ళీ గుమ్మం చేరుకునేసరికి ఇద్దరికీ అర్థమైంది, వాసన ఆ ఇంట్లోంచే వస్తోంది.

ముందు గంగరాజుని అనుమానించాం. పాపం, వాడు డబ్బాలన్నీ మూతలు తీసి చూపించాడు. చివరికి పొత్తిగుడ్డల బుట్ట దగ్గర వదిన ఆగిపోయింది. ఒక తడిగుడ్డ తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది.

"ఓలమ్మ! వరాలూ, ఇలా రాయే. మన పిల్ల ఉచ్చే ఇది!"

నేనూ చూశాను. అసలు సిసలు బెల్లం పాకం. ఈ గుడ్డలు ఉతికిన నీళ్ళే తూముల్లోకి పోయాయన్నమాట. ఇద్దరం ఒకరినొకరు పట్టుకుని నవ్వాం. ఇన్నాళ్ళూ పేటలో ఎందరో పుట్టారు, ఎవరి ఉచ్చా ఇలా లేదు. మా ఇంట మహాలక్ష్మి పుట్టిందని వదిన వీధిలో చాటింపు వేసింది. జనం వరస కట్టి మరీ గుడ్డలు వాసన చూసి వెళ్ళారు. చూసిన వాళ్ళందరూ ముచ్చటపడి తలో చుక్కా మళ్ళీ పెట్టారు. ఆ చుక్క సీసా పట్టుకుని నిలబడ్డది నేనే.

బుధవారం

ట్యాంకుల సంగతి నాకు తెలీదు. చూడలేదు.

పొద్దున్న నీలవేణి పిల్లని వొళ్ళో పెట్టుకుని కూచుని ఉంది. నేను నవ్వుతూ వెళ్ళాను. అది నవ్వలేదు.

"నిన్నట్నుంచీ పాలు పట్టుకోట్లేదమ్మా. లేపినా లేవట్లేదు. మీ ఇద్దరికీ వాసన గోలే గాని పిల్ల గోల పట్టదా?"

పిల్ల మెడ వెనక్కి విరుచుకుపోయి ఉంది. ఏడుపు సన్నగా, ఒకే శ్రుతిలో వస్తోంది. గంగరాజు డాక్టరు ఇమ్మానుయేలుగారి కోసం ఎగిరినట్టే వెళ్ళాడు.

ఇమ్మానుయేలుగారు విరిగిన ఎముకలు అతికించడంలో చెయ్యి తిరిగినవాడు. పిల్లని చూశాడు, గుడ్డ వాసన చూశాడు, పుస్తకాల తెర తెరిచి చాలాసేపు చదివాడు. భూమిని అడుగుదామంటే గురుగ్రహం సూర్యుడి వెనక్కి వెళ్ళి ఉంది, ఈ నెలంతా మాట అందదు. పుట్టిన పిల్లల రక్తం చూసే యంత్రానికి వేసే మందు అయిపోయి, ఓడ కోసం చూస్తున్నారు.

"వరాలుగారూ, అంబలిలో ఏ ఆమ్లం ఎంతుందో చూసే మీటరు మీ దగ్గరుంది కదండీ, దాంట్లో రక్తం చుక్క వేస్తే చూపిస్తుందా?"

చూపించింది. ఇరవై గీతల్లో లూసిన్ గీత పైకెళ్ళి అంచుకి అతుక్కుపోయింది. పక్కన ఐసోలూసిన్, వాలిన్ గీతలు కూడా ఉండాల్సినదానికన్నా ఎత్తులో ఉన్నాయి.

ఆ ముగ్గుర్నీ నేను తోడికోడళ్ళంటాను. ఎక్కడికైనా కలిసే వస్తారు, ఒకే గుమ్మంలోంచి తోసుకుంటూ దూరతారు, విరగ్గొట్టాలన్నా ముగ్గురికీ కలిపి ఒకే యంత్రాంగం. ఆ యంత్రాంగమే బుజ్జిదానికి లేదట. కట్టుబడికి పోగా మిగిలిన ఆ ముగ్గురూ విరగకుండా రక్తంలో పేరుకుపోతున్నారు. అందరిలో పెద్దది, లూసిన్, అలా పేరుకుంటే మెదడుకి విషం. సగం విరిగి ఆగిపోయిన ముక్కలు ఉచ్చలోకి దిగి పాకం వాసన కొడతాయి.

"ఎందువల్లండీ ఇలా?" అని గంగరాజు అడిగాడు.

డాక్టరు నా మొహం చూసి, నేల చూసి చెప్పాడు. "మీ అమ్మానాన్నల్లో ఒకరి దగ్గర్నుంచి ఆ లోపం మీకూ మీ అన్నయ్యగారికీ వచ్చుండాలండి. మీ నుంచి నీలవేణికి, ఆయన నుంచి గంగరాజుకి. ఒక వైపు నుంచే వస్తే ఏమీ కాదు. బుజ్జిదానికి రెండు వైపులా అదే వచ్చింది."

అంటే వదిన వైపు నుంచి ఏమీ రాలేదు. ఇదే ఇంకో రోజైతే ఆవిడ ఈ మాట పట్టుకుని నన్ను ఏడాది పాటు దెప్పేది. ఇవాళ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని నాకు అనిపించింది.

తల్లిపాలు ఆపేశాం. చుక్కలు ఆపేశాం. పిల్ల నోట్లో పంచదార నీళ్ళు పోస్తే సగం బయటికే కారిపోయాయి.

గురువారం

భయంగా ఉంది. ఇది ట్యాంకుల పుస్తకమే, అయినా రాస్తున్నాను.

పొద్దున్న మళ్ళీ రక్తం చూశాం. లూసిన్ నిన్నటికన్నా ఎక్కువగా ఉంది.

"మేం ఏవీ పెట్టలేదు గదండీ! ఎక్కణ్ణించొచ్చింది?" అని వదిన డాక్టరు మీదికి వెళ్ళింది.

ఇమ్మానుయేలుగారు రాత్రంతా చదివినట్టున్నాడు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "తన కండనే తింటోందండి. తిండి ఆగేసరికి ఒళ్ళు బతకడానికి దాని దండలు అదే తెంచుకుంటోంది. తెంచిన ప్రతి దండలోంచీ లూసిన్ రాలుతుంది. నేను ఆపమన్నది సరిపోలేదు. తిండి పెట్టాలి, గట్టిగా పెట్టాలి."

"ఏం పెడతాం? ఏది పెట్టినా అదే గదా ఉండేది."

అప్పుడు నాకు వెలిగింది. "విరగ్గొట్టడం దానికి రాదు. కట్టడం వచ్చు గదా డాక్టరుగారూ?"

"కట్టడం బ్రహ్మాండంగా వచ్చండి."

"అయితే కట్టిద్దాం. ఒంట్లో పేరుకున్న తోడికోడళ్ళని దండల్లోకి గుచ్చించేద్దాం. మిగతా పదిహేడు పూసలూ నేనిత్తాను."

"పంచదారా, నూనే కావలసినంత పెడితే ఒళ్ళు తెంచుకోవడం ఆపి కట్టడం మొదలెడుతుంది. అంతేనండి. అదొక్కటే దారి," అన్నాడాయన. ముక్కులోంచి సన్నని గొట్టం వేయడానికి సిద్ధం చేసుకున్నాడు.

పదిహేడు కుళాయిలు తిప్పి, మూడు కట్టేస్తే సరిపోతుందనుకున్నాను. కలిపి మీటరులో చూస్తే లూసిన్ గీత కాస్త లేచే ఉంది. ఇరవై కుళాయిలూ ఒకే గొట్టంలోంచి గంగాళంలోకి వస్తాయి, గొట్టం గోడలకి పాత అంబలి అంటుకుని ఉంది. నా జన్మలో ఆ గొట్టం ఊడదీసి కడగలేదు, కడగాల్సిన పని పడలేదు.

వదిన కొంగు బిగించింది. "తప్పుకో. గొట్టాలు నీకేం తెలుసు?" అంది.

ఇద్దరం ఊడదీసి, వేడినీళ్ళు పట్టించి, బ్రష్షు తోసి, మళ్ళీ మళ్ళీ కడిగాం. ఆవిడ కడగడం చూస్తే నాకు చెప్పుకోవడానికి సిగ్గే గాని, ముచ్చటేసింది. ఈసారి మూడు గీతలూ అడుగున పడుకున్నాయి. పదిహేడు పూసలతో కలిపిన ఆ పాలు కొంచెం నాలుక మీద వేసుకుని చూశాను. పాత సాక్సు ఉడకబెట్టి తాగినట్టుంది. ముక్కు గొట్టంలోంచి పోస్తున్నాం కాబట్టి పిల్లకి ఆ బాధ లేదు.

శుక్రవారం

లూసిన్ తగ్గింది! కొంచెమే, గాని తగ్గింది. గుడ్డల్లో పాకం వాసన కూడా పలచబడింది. మొన్న ఆ వాసన చూసి మురిసిపోయినవాళ్ళం ఇవాళ అది పోతోందని మురిశాం. పిల్ల ఇంకా కళ్ళు తెరవలేదు. నీలవేణి దాని అరికాలు పట్టుకుని అలాగే కూచుంది. తినమంటే వినదు. అంబలి గిన్నె పట్టుకుని వదిన కసిరితే రెండు గుటకలు మింగింది.

శనివారం

లూసిన్ ఆగిపోయింది. నిన్న సాయంత్రం ఎక్కడుందో అక్కడే. పాలు అవే, పంచదార అంతే, గొట్టం శుభ్రం. డాక్టరూ నేనూ మీటరు ముందు కూచుని గీతలు చూశాం.

నేనే ముందు చూశాను, ఎందుకంటే అవి నా ట్యాంకుల గీతలు. ఐసోలూసిన్ దాదాపు కనబడట్లేదు. వాలిన్ కూడా నేలకి దిగింది. చిన్న తోడికోడళ్ళిద్దరూ దండల్లోకి వెళ్ళిపోయి అయిపోయారు, పెద్దది మాత్రం మిగిలింది. ఒక్క రకం పూస తక్కువైనా దండ ముందుకు సాగదు. ఆ ఇద్దరూ లేక కట్టుబడి ఆగింది, కట్టుబడి ఆగితే పెద్దది ఎక్కడికి పోతుంది?

"అంటే ఆ రెంటినీ మనమే పెట్టాలండి," అన్నాడు డాక్టరు. ఆయన పుస్తకమూ ఆ మాటే చెబుతోందట.

నీలవేణి లేచి పిల్ల ముక్కు గొట్టానికి అడ్డంగా నిలబడింది. "వాటినేగా విషం అన్నారు? మళ్ళీ అవే పెడతారా? ఇంతమంది ప్రేమగా చుక్కలు పెట్టేరు గదా, చూసేం గదా. నేను పెట్టనివ్వను."

దాన్ని తోసేసే హక్కు నాకు లేదు. అది చూసింది కాబట్టే మాకు తెలిసింది. నేను దాని మెళ్ళో పూసల దండ తీసి, దారం తెంపి, పూసలన్నీ వొళ్ళో పోశాను. అవి మెల్లగా తేలుతూ దిగాయి.

"ఎర్రటిది, పచ్చటిది, నల్లటిది, ఇదే వరసలో గుచ్చాలనుకో. నీ దగ్గర ఎర్రవి బోలెడున్నాయి. పచ్చవీ నల్లవీ అయిపోయేయి. ఎర్రవి తగ్గాలంటే ఏం చేత్తావు?"

నీలవేణి పూసలు గుప్పిట్లోకి తీసుకుంది. "పచ్చవీ నల్లవీ తెచ్చుకుంటాను," అంది.

"అంతేనే తల్లీ."

"సిరంజి నాకివ్వండి. నేనే పోత్తాను. ఎంతో ముందు చెప్పండి."

డాక్టరు చెప్పాడు. అది తన చేత్తోనే పోసింది. పోసేటప్పుడు ఒక్క బొట్టు కూడా జారనివ్వలేదు.

ఆదివారం

పెద్ద తోడికోడలు దిగింది. దిగిందంటే ఎలా దిగింది, ప్రతి పరీక్షకీ ఒక మెట్టు! మధ్యాహ్నం బుజ్జిది కళ్ళు తెరిచింది. గొట్టం పీకేసుకోబోయింది. తర్వాత ఏడ్చింది, ఆ సన్నపు ఏడుపు కాదు, చుట్టుపక్కల నాలుగిళ్ళకి వినబడే ఆకలి ఏడుపు. గంగరాజు గోడకి జారబడి పిల్లతో పాటు ఏడ్చాడు. వదిన వాడి నెత్తిన ఒక్కటిచ్చి, తనూ ఏడ్చింది.

వీధిలో వాళ్ళు గుమ్మం దగ్గర గుంపుగా నిలబడ్డారు. తమ చుక్కల వల్లే ఇలా జరిగిందని తెలిసి ఒక్కరూ లోపలికి రాలేదు. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ప్రేమగానే పెట్టారు. నేను కాచి ఇచ్చాను కాబట్టి పెట్టారు. ఇకమీదట ఓడలో ఆ రక్తం చూసే యంత్రం మందు వచ్చి, పుట్టిన ప్రతి పిల్ల రక్తమూ చూశాకే చుక్క అని డాక్టరు సంఘానికి రాసిచ్చాడు. ఎవరూ అడక్కుండానే నేనూ సంతకం పెట్టాను.

బుధవారం

ట్యాంకులన్నీ బాగున్నాయి. వదిన వాటి గొట్టాలన్నీ ఊడదీసి కడిగింది. ఇంత మడ్డి పెట్టుకుని ఇన్నేళ్ళూ గొప్పలు పోయావా అని అడిగింది కూడా. హమ్మయ్య, ఆవిడ ఆవిడలా ఉంది.

ఇవాళ పరీక్షలో లూసిన్ మరీ కిందికి దిగిపోయింది. ఇమ్మానుయేలుగారు వచ్చి ఒక మాట చెప్పాడు. లూసిన్ ఒళ్ళు సొంతంగా చేసుకోలేని తొమ్మిదిలో ఒకటి. అది బొత్తిగా లేకపోయినా కట్టుబడి ఆగిపోతుంది, ఒళ్ళు మళ్ళీ తన కండ తెంచుకోవడం మొదలుపెడుతుంది. బుజ్జిది పెరగాలంటే దానికి కావాలి. ఎంత కట్టుకోగలదో అంతే. ఒక్క పిసరు ఎక్కువైనా మిగిలిపోతుంది. ఇవాళ ఒక్కటే కాదు, దాని జన్మంతా ఇంతే. రోజూ ఎవరో ఒకరు కొలిచి పెట్టాలి.

గరిటెలతో, గంగాళాలతో వడ్డించిన చెయ్యి నాది. ఎవరైనా చాలు అంటే ఇంకో గరిటె వేసేదాన్ని. ఇవాళ ఒక్క చుక్క సిరంజిలోకి తీసి, పిల్ల నోటి దాకా తీసుకెళ్ళలేకపోయాను. వదిన వైపు తోశాను. ఆవిడ తీసుకోకుండా చేతులు వెనక్కి పెట్టుకుంది. ఇద్దరం అలా నిలబడిపోయేసరికి నీలవేణి విసుక్కుని, సిరంజి లాక్కుని, పిల్ల నాలుక మీద పెట్టేసింది. బుజ్జిది చప్పరించింది.

ఇక కూచున్నాం. నలుగురమూ, డాక్టరూ, మీటరూ. గంగరాజు గోళ్ళు కొరుక్కున్నాడు. డాక్టరు చెప్పిన వేళకి మడమ గుచ్చి రక్తం తీశారు. మీటరులో పెట్టాను.

లూసిన్ గీత ఉన్నచోటే ఉంది. లేవలేదు.

వదిన మీటరుని తట్టి చూసింది, చెడిపోయిందేమోనని. "మరి పెట్టిన చుక్క ఏదే వరాలూ?"

"కట్టేసుకుంది వదినా."

"ఎక్కడ?"

వదిన పిల్ల బుగ్గ నొక్కి చూసింది. నేను పిక్క పట్టుకుని చూశాను. నీలవేణి పిడికిలి విప్పి ఒక్కో వేలూ చూసింది. ఎక్కడ పెట్టుకుందో మాకెవరికీ తెలియలేదు. బుజ్జిది మాత్రం మా ముగ్గుర్నీ చూస్తూ కాళ్ళు ఆడించింది.